చేజేతుల పోగొట్టుకొను పండ్లు

పంటినొప్పి వచ్చిన రాత్రి ఇల్లెల్ల మేలుకొనును. నొప్పి తగ్గిన మఱునాడు ఆ పంటి నెవ్వరును తలపరు. కాని పండ్లు ఒక్క రాత్రిలో చెడునవి కావు. మనము దినదినము ఆలోచింపక చేయు చిన్న పనులే వానిని చెఱుచుచున్నవి. ఈ నెల మేము ఆ పనులను గూర్చి సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

పంటిపైనున్న పింగాణీ పొర మన శరీరమున నన్నిటికంటె గట్టిది. అయినను దానిలో జీవకణములు లేవు గనుక, చర్మపు గాయమువలె, విఱిగిన యెముకవలె అది మఱల పూడదు. పోయినది పోయినట్లే. ఈ యొక్క మాట మఱువకున్న చాలును.

మా చందుర్తికి దగ్గఱనున్న సిరిసిల్ల మగ్గములకు పేరు పొందినది. కోరుట్ల, జగిత్యాల వైపున నెందఱో స్త్రీలు బీడీలు చుట్టి సంసారములు నెట్టుకొని వచ్చుచున్నారు. దారముతో పనిగల యిండ్లలో కత్తెర చేతికందనప్పుడు దారమును పంటితో తెంపుట వాడుక. రవికలు కుట్టువారు సూదిని పండ్ల నడుమ పట్టుదురు. ఏండ్ల తరబడి యిట్లు చేసిన ముందుపండ్ల అంచున గాడి పడి, తుదకు పెచ్చు లేచును. కత్తెరకు నొక త్రాడు కట్టి కూర్చుండుచోట వ్రేలాడదీసిన ఈ చిక్కు తీఱును.

శుభ్రముకొఱకు చేయు పనియు చేటు తెచ్చును. ఇటుకపొడి, బొగ్గు, గరుకు బూడిద పెట్టి రుద్దిన పండ్లు తెల్లబడినట్లు తోచును. నిజమునకు పైపొర అరుగుచున్నది; కొన్నాళ్లకు లోపలి పసుపుపొర బయటపడి చల్లనీటికే జివ్వుమనును. చరకసంహిత కానుగ, మద్ది మొదలగు చెట్ల పుల్లలను పేర్కొని, దినమునకు రెండు మాఱులు, చిగుళ్లు నొవ్వకుండ తోమవలెనని విధించినది. నేటి దంతవైద్యులును మెత్తని బ్రష్షుతో ఉదయమును, రాత్రి పరుండబోవు ముందును తోముమనియే చెప్పుచున్నారు. మనము రాత్రిని విడిచి, చిగుళ్లను మఱచి, గట్టిగా రుద్దుటను మాత్రము పట్టుకొంటిమి! చింతకాయ, మామిడి, నిమ్మ తినిన వెంటనే తోమరాదు; పులుపునకు పైపొర మెత్తబడి యుండును. నీటితో పుక్కిలించి అరగంట తాళవలెను.

తీపి సంగతియు తెలిసికొనదగినది. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మార్చును. లాలాజలము దానిని విఱుచుటకు అరగంటయో, అంతకు మించియో పట్టును. కావున సద్దుల బతుకమ్మనాడు ఒక్కమాఱు తినిన మలీద ముద్దలకంటె, దినమంతయు గంటకొకమాఱు త్రాగు తీపి చాయ యెక్కువ చెఱుపు. నిద్రలో లాలాజలము తగ్గును గనుక, తీపిపాల సీసాను బిడ్డ నోటనుంచి నిద్రపుచ్చుట మఱియు ప్రమాదము. పాలపండ్లు ఎట్లును ఊడునవే కదా యని కొందఱు తల్లులు ఉపేక్షింతురు. ఆఱవయేట పాలపండ్ల వెనుక మొలచు దవడపన్ను పాలపన్ను కాదు; అది పుచ్చి ఊడినచో వేఱొకటి రాదు.

అన్నిటికంటె ఘోరమైనది పొగాకు. పంటినొప్పికి మందని పొగాకు నదిమిపెట్టిన నొప్పి యడగినట్లుండును, రోగము లోలోపల పెరుగును. తరువాత నొప్పి లేకున్నను పొగాకు విడువదు. వట్టి వక్కయు నిరపాయకరము కాదు. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లో వక్కనే క్యాన్సరు కారకముగా ప్రకటించినది. నోటిలో తెల్లమచ్చ కనబడినను, పుండు రెండు వారములలో మానకున్నను, నోరు మునుపటివలె తెఱచుకొనకున్నను దాచరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇంటిల్లిపాది జబ్బులు కనిపెట్టు గృహిణి తన నోటి బాధను మాత్రము పండుగ వెళ్లనీ, పెండ్లి కానీ యని వాయిదా వేయుచుండును. పుచ్చు పండుగలకై ఆగదు. సోదరీమణులు ఈ రాత్రియే పిల్లలను ప్రక్కన నిలుపుకొని పండ్లు తోముకొని పరుండుదురుగాక. తల్లి చేయగా చూచిన పనిని పిల్లలకు వేఱుగ నేర్పనక్కఱలేదు.