ఆటవెలది

“మేష్టారూ, పద్యానికి ఆటవెలది అని పేరేమిటండీ?” అని మొన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. నాట్యమాడే స్త్రీ అని అర్థం చెప్పాను. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. వేమన పద్యాలు చాలామటుకు ఆ ఛందస్సులోవే అన్నాక నవ్వు ఆగింది.

నాకు మాహ్ లఖా బాయి గుర్తుకొచ్చింది. హైదరాబాదంటే చార్మినారు చుట్టూ ఉన్న పాతబస్తీయే అయిన రోజుల్లో, రెండవ నిజాము నిజాం అలీఖాన్ దర్బారులో ఆడి పాడిన మనిషి. 1768లో పుట్టింది. అసలు పేరు చందా. ‘చంద్రవదన’ అని అర్థమొచ్చే ఈ పేరు నిజాము ఇచ్చిన బిరుదు. గుర్రమెక్కింది, విల్లు పట్టింది, యుద్ధయాత్రలకు వెంట వెళ్ళింది. ఉర్దూలో గజళ్ళు రాసి దివాను కూర్చిన తొలి స్త్రీలలో ఒకరయింది. జాగీర్లు సంపాదించింది.

ఆ సంపదతో ఏం చేసిందంటారు? మౌలాలీ గుట్ట పాదాన తల్లి రాజ్ కన్వర్‌కు 1792లో సమాధి కట్టించి, చుట్టూ తోట వేయించింది. 1824లో కన్నుమూసి, తానూ తల్లి పక్కనే చేరింది. పోతూ పోతూ భూములూ నగలూ దిక్కులేని ఆడవాళ్ళకు రాసిపోయింది.

ఆ తోట ఏళ్ళ తరబడి పాడుపడింది. 2011 నాటికి బాగుపడిందంటే, అందుకు అమెరికా ప్రభుత్వపు సొమ్ము రావలసివచ్చింది!

ఆటవెలది పద్యాన్ని పిల్లలచేత వల్లె వేయిస్తాం. ఆటవెలది అయిన మనిషి పేరెత్తితే మొహం తిప్పుకుంటాం. ఈసారి మౌలాలీ వెళితే, గుట్ట ఎక్కేముందు ఆ తల్లీకూతుళ్ళ దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.