ఖాళీ స్థలం కాదండీ, అది గడ్డి నేల

హెసరఘట్టలో ఖాళీగా పడి ఉన్న నేలలో మన సంఘం తరఫున మొక్కలు నాటుదామని గ్రూపులో ప్రతిపాదన వచ్చింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను మాత్రం గట్టిగా వద్దంటున్నాను.

మొదట, అది ఖాళీ కాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడికి హారియర్ గద్దలు వస్తాయి. మన పెద్దలు పిల్లి గద్ద అనేవారు, అదే. కజకిస్తాన్ వైపు మైదానాలు, పొలాలు మంచుతో కప్పుకుపోతే తిండి దొరకక ఇంత దూరం ఎగిరివస్తాయి. పగలు గడ్డి మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ మిడతల్ని, ఎలకల్ని పడతాయి. రాత్రి చెట్టెక్కవు, గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. మన కర్నూలు వైపు రోళ్లపాడుకు కూడా ఇందుకే వస్తాయి. వేసవిలో చూసి ఏమీ లేదనడం, రెండు రైళ్ల మధ్య ప్లాట్‌ఫారం ఖాళీగా ఉందని దాని మీద కొట్లు కట్టినట్టు.

చెట్లు పెడితే నష్టమేమిటి అంటారా? నీడ పడితే గడ్డి చస్తుంది. గడ్డి పోతే మిడతలు పోతాయి. కాకులు కొమ్మల మీద కూర్చుని, నేల మీద గుడ్లు పెట్టే భరత పక్షుల గూళ్లు వెతుక్కుంటాయి.

అశోకుడు చెట్లు నాటించాడు కదా అని ఒకరు రాశారు. నేను చదివింది తమిళ మీడియం, ఆ పుస్తకంలోనూ ఆ మాట ఉంది. కానీ ఆయన నాటించింది బాటల పక్కన సార్!

ఈ నేలను కాపాడాలన్న ప్రతిపాదనను 2021లో రాష్ట్ర వన్యప్రాణి బోర్డు తోసేసింది. పట్టు వదలనివాళ్లు పోరాడితే 2024 అక్టోబరులో 5,678 ఎకరాలకు ఒప్పుకుంది. బిల్డర్ల నుంచి తప్పించుకున్న నేలను పుణ్యం పేరుతో మనం పాడుచేద్దామా?

మొక్కలకు పోగైన డబ్బు మన వీధులకే వాడండి. ఎండకు మాడుతున్న బస్టాపు దగ్గర నాలుగు కానుగ మొక్కలు నాటి, మూడేళ్లు నీళ్లు పోయండి. ఫోటో కోసం నాటి వదిలేయడం కంటే అది కష్టం, అందుకే చెబుతున్నాను.

హెసరఘట్టకు తప్పకుండా వెళదాం, పిల్లల్నీ తీసుకెళదాం. దారి మీదే నడుద్దాం, గడ్డిలోకి కార్లు తోలొద్దు. పార మాత్రం ఇంట్లో పెట్టి రండి. వచ్చే మీటింగులో ఈ ప్రతిపాదన ఓటుకు వస్తే నా చెయ్యి లేవదు. మీరూ ఆలోచించండి.