మాటలు సగమే, కోపం మొత్తం

దసరా ముందు ఉస్మాన్‌గంజ్‌లో నాన్న షాపు దులుపుతున్నాం. కిందంతా బెల్లం, చింతపండు, ఎండుమిర్చి బస్తాలు. పైన అటక మీద పాత ఖాతా పుస్తకాలు. నేను తుమ్ముతూనే వాటిని దించుతుంటే వెనక ఒక బిస్కెట్ డబ్బా కనిపించింది. మూత తీస్తే ఒకే ఒక్క క్యాసెట్. 'జాగ్డ్ లిటిల్ పిల్', అలానిస్ మోరిసెట్. అట్ట మీద బాల్‌పెన్నుతో మా చిన్నత్త పేరు, 1997.

నేను పుట్టిన సంవత్సరం అది. చిన్నత్త అంటే నాకు తెలిసినంతవరకు వరంగల్లో ఉంటుంది, ఫోన్ ఎత్తగానే "తిన్నవారా?" అంటుంది, పెళ్లిళ్లలో వంటల దగ్గర నిలబడుతుంది. ఆమెకీ రాక్ మ్యూజిక్‌కీ సంబంధం ఏంటి? అక్కడే బస్తా మీద కూర్చుని ఫోన్ కొట్టా.

"అయ్యో, అది ఇంకా ఉందారా!" అని చాలాసేపు నవ్వింది. ట్యూషన్లు చెప్పిన పైసలతో అబిడ్స్‌లో కొన్నదట. మొజంజాహీ మార్కెట్ మీదుగా నడిచి వస్తూ, తాత చూడకుండా చున్నీలో దాచిందట.

"అత్తా, ఆ ఇంగ్లీష్ నీకు అర్థమయ్యేదా?"

"మాటలు సగం సమజ్ కాకపోతుండె. కోపం మాత్రం మొత్తం సమజయ్యేది."

ఆ రాత్రి ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా విన్నా. షఫుల్ లేకుండా, వరసగా.

కథ తెలియని వాళ్ల కోసం చెప్తా. అలానిస్ కెనడా అమ్మాయి. టీనేజ్‌లోనే రెండు డాన్స్ పాప్ ఆల్బమ్స్ చేసింది, 1991లో ఒకటి, 1992లో ఒకటి. రెండోది అంతగా ఆడలేదు, కంపెనీ కాంట్రాక్టు పోయింది. లాస్ ఏంజెలెస్ వెళ్లి గ్లెన్ బాలర్డ్ అనే ప్రొడ్యూసర్‌తో కూర్చుంది. మైకేల్ జాక్సన్ 'మ్యాన్ ఇన్ ద మిర్రర్' రాసిన ఇద్దరిలో ఒకడు ఆయన. ఇద్దరూ కలిసి ట్యూన్లు కట్టారు, మాటలు ఆమె రాసుకుంది. చాలా పాటలకు డెమోలో ఒకట్రెండు టేకుల్లో పాడిన గొంతునే ఫైనల్‌గా ఉంచేశారు. మా భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ కోసం రాసిన కోడే ప్రొడక్షన్‌కి వెళ్లిపోయింది. గొంతు ఎక్కడ చీరిందో అక్కడ చీరినట్టే ఉంటుంది. అదే దాని బలం.

1995 జూన్ 13న, మడోనా పెట్టిన మావెరిక్ లేబుల్ మీద రిలీజ్ అయింది. అప్పటికి అలానిస్‌కి 21 నిండి రెండు వారాలు కాలేదు. వదిలేసి వెళ్లినవాడిని నిలదీసే 'యు ఓటా నో' ముందు లాస్ ఏంజెలెస్ రేడియోలో పేలింది. ఆ తర్వాత ఆగలేదు. ప్రపంచం మొత్తమ్మీద 3 కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. 1996లో నాలుగు గ్రామీలు, అందులో ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్ కూడా.

అమ్మాయి బాధపడితే వినడానికి లోకం ఎప్పుడూ రెడీగానే ఉంటుంది. కోప్పడితే మాత్రం "ఎందుకంత?" అంటుంది. ఈ ఆల్బమ్ ఆ కోపాన్ని తియ్యగా మార్చకుండానే అమ్మింది. నాకు అర్థమైన అసలు విషయం ఇదే.

అందులో 'పర్ఫెక్ట్' అని ఒక పాట ఉంది. పిల్లల మీద ఆశలన్నీ పెట్టుకుని, ప్రేమకి కూడా మార్కులు పెట్టే తల్లిదండ్రుల గొంతుతో సాగుతుంది. ఎంసెట్ ర్యాంకుల ఇళ్లలో పెరిగిన ఎవరికైనా పొట్టలో కలుక్కుమంటుంది. చిన్నత్తకి బాగా నచ్చిన పాట ఏదని అడిగితే అదే చెప్పింది. తర్వాత మెల్లగా అసలు సంగతి వచ్చింది. ఆ ఏడాది ఆమెకి ఎమ్మెస్సీ సీటొచ్చింది. తాత వద్దన్నాడు, సంబంధం ఖాయం చేశాడు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, ఆమె కూడా. వాక్‌మన్ పెట్టుకుని అటక కింద కూర్చునేదట.

మరి మన భాషలో ఆమెకి అలాంటి పాట ఎందుకు దొరకలేదు? గొంతులు లేక కాదు. 1973లో 'దేవుడు చేసిన మనుషులు'లో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన 'మసక మసక చీకటిలో' గుర్తుందా? ఆ గొంతులో ఎంత కరెంటు ఉంది! అదే పాటను తర్వాత పాప్ సింగర్ స్మిత రీమిక్స్ చేసి మా తరం దాకా తెచ్చింది. సినిమాతో పని లేకుండా ఒక తెలుగమ్మాయి తన పేరుతో, తన ఫొటోతో ఆల్బమ్ అమ్మగలదని 'హాయ్ రబ్బా'తో చూపించింది కూడా ఆమే. కానీ మనకి పాటంటే ఇప్పటికీ సినిమానే. సినిమా పాటలో హీరోయిన్ కోపమైనా హీరో వచ్చి తీర్చే అలకే. ఆ మాటలు రాసేది కూడా ఎక్కువగా మగవాళ్లే. 'పెళ్ళిచూపులు', 'అర్జున్ రెడ్డి'లకు రాసిన శ్రేష్ఠ లాంటి వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నీతులు చెప్పే అర్హత నాకు లేదు. పోయిన నెల మా టీమ్‌లో ఒక అమ్మాయి డెడ్‌లైన్ కుదరదని మీటింగ్‌లో గట్టిగా చెప్పింది. "విషయం కరెక్టే, కొంచెం టోన్ చూసుకో" అని తర్వాత మెసేజ్ పెట్టింది నేనే. అదే మాట అదే మీటింగ్‌లో అంతకంటే గట్టిగా అన్న అబ్బాయికి పెట్టలేదు. ఆల్బమ్ అయిపోయాక ఆ మెసేజ్ మళ్లీ తెరిచి చదువుకున్నా. సోమవారం వెళ్లి ఆమెకి సారీ చెప్పా. "ఇన్ని రోజులకా?" అంది. అదీ కరెక్టే.

క్యాసెట్ వినడానికి మా ఇంట్లో ప్లేయర్ లేదు. చిన్నత్తకి వాట్సాప్‌లో పాట లింక్ పంపించా. రెండు గంటల తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక కుక్కర్ విజిల్, దాని మీద అత్త గొంతు: "ఇప్పుడు మాటలు కూడా సమజైతున్నయిరా."

ఈ వారం మీరూ వినండి. 'పర్ఫెక్ట్'తో మొదలుపెట్టండి. తర్వాత మీ ఇంట్లో అమ్మనో, అత్తనో, అక్కనో ఒక మాట అడగండి: ఆ రోజుల్లో ఏ పాట పదే పదే వినేవారని. ఎందుకని కూడా అడగండి.