పరదేశ విద్యాసంవత్సరం – కాలపట్టికలో లేని పని

ఉపకారవేతనంపై విదేశాలకు వెళ్లే మన పిల్లల ప్రయాణ సన్నాహంలో ఊరగాయలకు, పొడులకు దక్కే శ్రద్ధ వారి దినచర్యకు దక్కడం లేదు. పెట్టె ఎన్ని కిలోలు తూగుతుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. అక్కడ వారు ఏ వేళకు భుజిస్తారు, ఏ వేళకు నిద్రిస్తారు అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తోచదు. చదువు, బోధన, సొంత జీవితం – ఈ మూడింటి మధ్య సమతౌల్యం సాధించాలంటే మూడవదానికే ముందుగా వేళలు నిర్ణయించాలని నా అభిప్రాయం.

ఉదాహరణకు ఫుల్‌బ్రైట్ విదేశీ భాషా బోధన సహాయకుల పథకాన్ని తీసుకుందాం. మన దేశానికీ అమెరికాకూ ఫుల్‌బ్రైట్ ఒప్పందం 1950లో కుదిరింది. ఈ బోధన పథకంపై వెళ్లినవారు సుమారు తొమ్మిది నెలలపాటు అక్కడి విశ్వవిద్యాలయంలో వారానికి 20 గంటల వరకు తమ భాషను బోధిస్తూ, ప్రతి సెమిస్టరులోనూ రెండు పాఠ్యాంశాలను అభ్యసించవలసి ఉంటుంది. కాగితంపై ఇది పెద్ద భారంగా కనిపించదు. కాని గంటసేపు చెప్పే పాఠానికి ముందు తయారీ ఉన్నది, తరువాత విద్యార్థుల రాతలు దిద్దడం ఉన్నది. ఇక చదవవలసిన గ్రంథాలు, రాయవలసిన వ్యాసాలు వేరు. బోధనకు గంట నిర్ణయమై ఉన్నది. చదువుకు గడువు నిర్ణయమై ఉన్నది. భోజనానికి, నిద్రకు, ఇంటివారితో మాటకు గంటా లేదు, గడువూ లేదు. అందువల్ల కోత పడేది ఎల్లప్పుడూ వాటిపైనే.

చరక సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయం ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరానికి ఉపస్తంభాలుగా పేర్కొన్నది. ఇంట్లో సామాను పెరిగిందని స్తంభాన్ని తొలగించి చోటు చేసుకునే గృహస్థుడు ఉండడు. పరీక్షలు దగ్గరపడినవని నిద్రను తొలగించడం అటువంటి పనే.

అదే గ్రంథం 7వ అధ్యాయంలో అణచిపెట్టరాని పదమూడు వేగాలను చెప్పింది. ఆకలి, దప్పిక, నిద్రలతోపాటు కన్నీరు కూడా వాటిలో ఉన్నది. మొదటి మూడింటి సంగతి మనకు తెలుసు, నాలుగవదానిని మరచిపోతున్నాము. అమ్మ బెంగపెట్టుకుంటుందని ఫోనులో "బాగానే ఉన్నాను" అని ముగించే బిడ్డ చేస్తున్నది వేగధారణమే. శోకాన్ని, క్రోధాన్ని, లోభాన్ని నిగ్రహించుకోవాలని కూడా ఆ అధ్యాయమే చెబుతున్నది. నా దృష్టిలో ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. కన్నీరు వస్తే రానివ్వడం వేరు. దుఃఖంలో మునిగి దినచర్యను విడిచిపెట్టడం వేరు.

దేశకాలాలను కూడా గమనించాలి. దశాబ్దాలుగా తెలుగు బోధన జరిగిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాడిసన్ నగరంలో ఉన్నది. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. జనవరిలో చలి సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందనీ, దానికి తగిన ఆహారం అందకపోతే శరీరంలోని రసధాతువునే హరిస్తుందనీ చరకుడు చెప్పాడు. అటువంటి ఋతువులో కాఫీతో పూట గడుపుకోవడం తగదు. పెసరపప్పు, బియ్యం, మిరియాలు, జీలకర్ర వేసి వండిన పులగంలో నేయి కలుపుకుంటే ఒక పూట గడుస్తుంది. రైస్ కుక్కరుంటే దానికి పెద్ద శ్రమ ఉండదు. వారానికి ఒకసారి నువ్వుల నూనెతో అభ్యంగనం, మధ్యాహ్నపు వెలుతురులో కొంత నడక అలవరచుకోవాలి.

అలవాట్లను ఒక్కసారిగా కాక పాదాంశ క్రమంలో, అంటే కొంచెం కొంచెంగా మార్చుకోవాలన్న సూత్రం కూడా ఆ 7వ అధ్యాయంలోనిదే. ప్రయాణానికి నెల ముందే వంట చేసుకోవడం, వేళకు పడుకోవడం ఇంటి వద్దనే ఆరంభించాలి.

ఇక తల్లిదండ్రుల కర్తవ్యం. మనం రాత్రి ఎనిమిదికి భోజనం ముగించి తీరికగా ఫోను చేసే సమయానికి మాడిసన్‌లో వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర, శీతకాలంలో ఎనిమిదిన్నర. అది తరగతికి పరుగెత్తే వేళ. మన ఆదివారం ఉదయం ఏడు గంటలకు అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర లేదా ఏడున్నర అవుతుంది. వారానికి ఆ ఒక్క గంటను ఇరువైపులా నియమంగా పాటిస్తే, రోజూ జరిగే అరకొర పలకరింపుల కంటె మేలు. అప్పుడైనా మార్కుల ప్రసక్తికి ముందు నిద్ర ఎలా పడుతున్నదని అడగండి.

"ఒక్క ఏడాదే కదా, ఎలాగో ఓర్చుకుంటే సరి" అనేవారు ఉన్నారు. అవకాశం మళ్లీ రాదన్నది నిజమే. అయితే మొదటి సెమిస్టరులో దేహం నుంచి చేసిన అప్పును రెండవ సెమిస్టరులోనే వడ్డీతో తీర్చవలసి వస్తుంది. అంతేకాదు, ఉపాధ్యాయుని అలసట అతని ఒక్కనిదే కాదు. అతని ఎదుట కూర్చున్న విద్యార్థులకూ అది నష్టమే.

ఒక హెచ్చరిక. నిద్రలేమి, నిరుత్సాహం, దేనిపైనా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి కొనసాగితే అశ్వగంధతోనో, కషాయాలతోనో సరిపుచ్చుకోరాదు. విశ్వవిద్యాలయంలోని వైద్యులను, మానసిక సలహాదారులను వెంటనే సంప్రదించాలి. అందులో చిన్నతనం ఏమీ లేదని ఇంటివారే ముందుగా చెప్పి పంపాలి.

కాలపట్టిక గీసుకునేటప్పుడు మొదట నిద్ర, భోజనం, ఇంటి మాట రాసి, మిగిలిన గడులలో చదువును, బోధనను నింపుకోవాలి. తిరిగి వచ్చే బిడ్డ పట్టాతోపాటు ఆరోగ్యాన్ని కూడా వెంట తెచ్చుకున్నప్పుడే ఆ ఏడాది సఫలమైనట్లు.