అటక మీది గొంతులకు ముంచుకొస్తున్న గడువు

తెలుగు ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున పాత క్యాసెట్లు నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. సినిమా పాటలు, భక్తిగీతాల నడుమ పెన్సిలుతో తేదీ మాత్రమే రాసిన ఒకటో రెండో క్యాసెట్లు ఉంటాయి. ఊరి రామాలయంలో జరిగిన హరికథ, పెళ్లినాటి అప్పగింతల పాట, అంతర్జాతీయ ఫోన్ కాల్ ఖరీదైన కాలంలో గల్ఫ్ దేశాల నుంచి మాటల రూపంలో వచ్చిన ఉత్తరం వంటివి వాటిలో ఉంటాయి. దుకాణంలో కొన్న పాట పోతే మరోచోట దొరకవచ్చు. ఇవి పోతే మాత్రం ఎక్కడా దొరకవు.

ఈ అంశం కుటుంబ జ్ఞాపకాలకే పరిమితమైనది కాదు. యునెస్కో, ధ్వని, దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కలిసి 2019లో అయస్కాంత టేపులపై ప్రపంచవ్యాప్త హెచ్చరిక కార్యక్రమాన్ని చేపట్టాయి. వృత్తిపరమైన స్థాయిలో టేపులను వినిపించడం 2025 ప్రాంతానికి దాదాపుగా నిలిచిపోతుందని భాండాగార నిపుణులు అప్పట్లో అంచనా వేశారు. టేపు పాడవడం ఇందుకు ఒక కారణం మాత్రమే. దానిని వినిపించే యంత్రాలు, విడిభాగాలు, మరమ్మతు చేయగల చేతులు కరవవడం అంతకంటే పెద్ద కారణం.

భారత్‌లో ఈ సమస్యకు ప్రత్యేక నేపథ్యం ఉంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని ముద్రించిన నాటి నుంచి దశాబ్దాల పాటు రికార్డు తయారీ కొద్ది సంస్థల చేతుల్లోనే ఉండేది. ఫిలిప్స్ సంస్థ 1963లో పరిచయం చేసిన కాంపాక్ట్ క్యాసెట్, 1980వ దశకంలో దేశమంతటా విస్తరించి ఈ పరిస్థితిని మార్చివేసింది. చౌకగా దొరికే టేప్‌రికార్డర్ శ్రోతనే ధ్వని సేకర్తగా మార్చింది. ప్రాంతీయ యాసలు, జానపద కళారూపాలు, స్థానిక గాయకుల గొంతులు పెద్ద ఎత్తున నమోదైన కాలమది. ఆ సంపదలో అధిక భాగం సంస్థల వద్ద కాక ఇళ్లలోనే ఉండిపోయింది.

క్యాసెట్ టేపు వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపే. ప్లాస్టిక్ పట్టీపై అయస్కాంత రేణువులను పట్టి ఉంచే జిగురు, తేమ తగిలిన కొద్దీ బలహీనపడుతుంది. కోస్తా ప్రాంతపు ఉక్కపోతలో బూజు కూడా పడుతుంది. బూజు పట్టిన టేపును అలాగే తిప్పితే టేపుతో పాటు యంత్రమూ దెబ్బతింటుంది. వినైల్ రికార్డులు టేపుల కంటే స్థిరమైనవి. 78 వేగపు లక్క రికార్డులు పెళుసైనవి. వాటికి ఎల్‌పీ రికార్డుల సూది సరిపోదు, మరింత వెడల్పైనది కావాలి. కాబట్టి మొదటి ప్రాధాన్యం ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్లకే దక్కాలి.

ఇంట్లో ఈ పని చేయడం కష్టమేమీ కాదు. బాగుచేసిన క్యాసెట్ డెక్, దాని లైన్ అవుట్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. ముందుగా హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలోకి నేరుగా కలిపితే ధ్వని పగిలిపోయే ప్రమాదం ఉంది. రికార్డు ప్లేయర్‌కైతే ఫోనో ప్రీయాంప్లిఫైయర్ తప్పనిసరి. బుసబుస శబ్దాన్ని తొలగించే ప్రయత్నం నకలు ప్రతిపైనే చేయాలి, మూలప్రతిని ముట్టుకోరాదు.

చాలామంది ఆ తర్వాత సీడీలోకి ఎక్కించి పని పూర్తయిందనుకుంటారు. ఇక్కడే జాగ్రత్త అవసరం. సాధారణ ఆడియో సీడీలో 80 నిమిషాలకు మించి పట్టదు, 90 నిమిషాల క్యాసెట్ ఒక సీడీలో ఇమడదు. భాండాగారాలు సిఫారసు చేసే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్థాయిలో గంట ధ్వనికి దాదాపు 2 గిగాబైట్ల స్థలం కావాలి. పైగా ఇంట్లో రాసిన సీడీ ఎంతకాలం మన్నుతుందో హామీ లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో అనేకం సీడీ డ్రైవ్ లేకుండానే వస్తున్నాయి. క్యాసెట్‌ను చుట్టుముట్టిన ఇబ్బందే రేపు సీడీనీ చుట్టుముడుతుంది. అందువల్ల కుదించని వేవ్ ఫైలును మూడు ప్రతులుగా రెండు రకాల సాధనాలపై ఉంచి, ఒకదానిని వేరే ఊళ్లో భద్రపరచడం మేలు. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న వివరాలను కూడా ఫైలుతో జతచేయాలి. ఆ వివరాలు చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఈ పని జరగాలి.

చట్టం ఇందుకు పూర్తిగా అడ్డుకాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత వినియోగం కోసం సముచిత వాడకాన్ని అనుమతిస్తుంది. ధ్వనిముద్రణపై హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1960లో విడుదలైన రికార్డుపై ఆ హక్కు 2020 చివరితో ముగిసింది. అయితే పాట సాహిత్యం, స్వరరచనలపై హక్కులు వేరు. వాటి గడువు రచయిత, స్వరకర్తల మరణానంతరం 60 ఏళ్ల వరకు సాగుతుంది. సొంతానికి నకలు తీసుకోవడం ఒకటి, దానిని ఇంటర్నెట్‌లో అందరికీ పంచడం మరొకటి.

అసలు ప్రశ్న ఇంటి గడప దాటాక మొదలవుతుంది. 1948లో ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం వంటివి ప్రసార సంపదకు ఆధారాలు. 1982లో ఏర్పడి, ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న సంప్రదాయ సంగీత పరిశోధన భాండాగారం పరిశోధకుల సేకరణలకు చోటిచ్చింది. పరిశోధకుడి చేతికి చిక్కని, ప్రసారానికి నోచుకోని ఇంటి క్యాసెట్లు ఈ రెండింటి మధ్య మిగిలిపోతున్నాయి. జిల్లా గ్రంథాలయంలో ఒక మంచి డెక్, ఒక కంప్యూటర్, పని తెలిసిన ఒక మనిషి ఉంటే ఈ లోటు కొంతైనా తీరుతుంది. ఖర్చు స్వల్పం, వ్యవధి అంతకన్నా స్వల్పం. టేపు తిరిగే యంత్రం ఉన్నంత వరకే ఆ గొంతులు వినిపిస్తాయి.