పెరటి పందిరికి రాతి కూసాలే మేలు

పెరట్లో పందిరి అనగానే ఇప్పుడు అందరూ ఇనుప పైపులు, పైన ప్లాస్టిక్ షీట్లు అంటున్నారు. మావారిదీ అదే మాట. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ మా అనంతపురం ఎండకు మధ్యాహ్నం ఆ పైపు మీద చెయ్యి పెట్టలేం, లేత బీర తీగ ఎలా పాకుతుంది? రాయీ కాగుతుంది గానీ ఇనుమంత తొందరగా కాదు. షీటు కింద నీడ ఉంటుంది, చల్లదనం ఉండదు. వెదురు, సర్వి కర్రలు అద్దె ఇంటికి చాలు. సొంతింట్లో అయితే చెదలు ఊరుకోవు.

ద్రాక్ష తోటల్లో చూడండి: రాతి కూసాలు, పైన జీఐ తీగ. లేపాక్షిలో సగంలో ఆగిన కల్యాణ మండపం స్తంభాలు పైకప్పు లేకుండానే దాదాపు 500 ఏళ్లుగా నిలబడి లేవా? రాయి బరువే, పాతడానికి నలుగురు కావాలి, మళ్లీ జరపలేం. అందుకే చోటు ముందే ఆలోచించుకోవాలి. ఆ తర్వాత రంగుల ఖర్చు లేదు, తుప్పు భయం లేదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడేచోట తీగకు నీళ్లెక్కడివి అంటారా? బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పొయ్యండి. పడమటి ఎండ వంటింటి గోడకు తగలకుండా ఆపేది ఆ ఆకులే. ఆ వంటింట్లో ఉడికేది మనమే కదా! పందిరి దేంతో వెయ్యాలో తేల్చే మాటా మనదే కావాలి.