పోటీ లేని ఎన్నిక

ఎన్నిక యనఁగా కొందఱిని కాదని కొందఱిని ఎంచుట. 2011 మే నెలలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలియందు ఆసియాకు ఖాళీయైనవి నాలుగు స్థానములు. నిలిచిన దేశములును నాలుగే. రహస్య బ్యాలెట్టు మాత్రము యథావిధిగా జరిగెను. భారతదేశమునకు 181 ఓట్లు పడెను.

అభ్యర్థి దేశము మానవహక్కులకు చేసిన సేవను గణింపవలెనని 2006 నాటి తీర్మానము చెప్పుచున్నది. గణించి చేయునదేమి? 2005లో సల్వాజుడుం చెలరేగఁగా దంతెవాడ విడిచి ఖమ్మం అడవులు చేరిన కోయల గోడు విన్నను, ఎంచుటకు వేఱొక అభ్యర్థి లేదు. రెండు నెలలు తిరుగకముందే, ఆదివాసి యువకుల చేతికి తుపాకులిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. న్యాయపీఠము తూచినదానిని ఓటుపెట్టె తూచలేదు.

పోటీ వైరము పెంచునందురు. 2006లో ఆసియా దేశములు పోటీపడెను; ఇరాన్ ఓడెను, భారతము 173 ఓట్లతో నెగ్గెను. వైరమేమియు పుట్టలేదు. ఆ 173, ఈ 181 కంటె బరువైనది.